అమ్మవచ్చును అన్న ఒక్క మాట

2020 ఆగస్టు రెండవ వారంలో చెన్నై ఉత్తర శివారులోని మణలి నుంచి పది కంటైనర్లు లారీలకెక్కి హైదరాబాదు దారి పట్టాయి. వాటిలో ఉన్నది అమ్మోనియం నైట్రేట్. ఎరువుగానూ పనికివస్తుంది, గనులలో బండలు పేల్చే మందుగుండుకు ముడిసరుకుగానూ పనికివస్తుంది. కరూరుకు చెందిన ఒక దిగుమతిదారు దానిని ఎరువు రకమని పత్రాలలో చూపగా, అది పేలుడు పదార్థాలలో వాడే రకమని కస్టమ్స్ అధికారులు తేల్చి 2015లో స్వాధీనం చేసుకున్నారు. అప్పుడది 37 కంటైనర్లలో సుమారు 740 టన్నులు. ఆ సంవత్సరాంతంలో చెన్నపట్నాన్ని ముంచెత్తిన వరదలో కొంత కరిగిపోయి, చెడిపోయి, 697 టన్నులు మిగిలినది. ఆ మిగిలినది దాదాపు ఐదేళ్లు ఒక కంటైనర్ గిడ్డంగి ఆవరణలో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉన్నచోటనే ఉన్నది.

దానిని కదిలించినది చెన్నైలోని అధికారి కాదు, ఢిల్లీలోని మంత్రి కాదు. 2020 ఆగస్టు 4న, సముద్రాల కావల బేరూత్ రేవులో 2,750 టన్నుల ఇదే పదార్థం పేలి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆగస్టు 6న మన కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు మేలుకొన్నది. దేశంలోని రేవులలో, గిడ్డంగులలో పడి ఉన్న ప్రమాదకర, పేలుడు పదార్థాలన్నీ భద్రతా ప్రమాణాలకు లోబడి ఉన్నాయో లేదో 48 గంటలలో తనిఖీ చేసి ధ్రువీకరించవలసిందని క్షేత్రాధికారులను ఆదేశించినది. ఐదేళ్లలో కదలని సరుకు వారం తిరగకముందే కదిలినది. వేలంలో దానిని కొన్నది హైదరాబాదు సంస్థ కావడంతో తెలుగు పత్రికలు కూడా ఆ లారీల ప్రయాణాన్ని మైలురాయి మైలురాయికి రాశాయి.

లారీలు వెళ్లిపోయాయి, వార్త చల్లబడింది. కాని ఆ వార్త వెనుక ఉన్న శాసన విషయం చల్లబడవలసినది కాదు. విదేశాల నుంచి వచ్చి, ఎవరూ విడిపించుకోని సరుకును గిడ్డంగి నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ అధికారంతో తొలగించాలి? పార్లమెంటు గ్యాలరీలో కూర్చునేవారికి బడ్జెట్ నాడు కస్టమ్స్ సుంకం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే వార్త. సుంకం కట్టడానికి ఎవరూ రాని సరుకు గతి ఏమిటన్నది ఎవరికీ వార్త కాదు.

మణలి సరుకు స్వాధీనం చేసుకున్నది కనుక దానికి వర్తించే సెక్షన్లు వేరు. యజమాని ముఖం చాటువేసిన సరుకుకు వర్తించేవి వేరు. ఈ భేదం న్యాయస్థానంలో ముఖ్యం. ఆవరణలో మాత్రం రెండు రకాల పెట్టెలూ పక్కపక్కనే పేర్చి ఉంటాయి. నిప్పంటుకుంటే రెండూ ఒకే విధంగా అంటుకుంటాయి.

1878 నాటి సముద్ర సుంకాల చట్టాన్ని తొలగించి, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా ఉన్న కాలంలో పార్లమెంటు 1962 కస్టమ్స్ చట్టాన్ని చేసినది. 1963 ఫిబ్రవరి 1న అది అమలులోకి వచ్చింది. అందులో 48వ సెక్షన్ మన విషయం. ఓడ నుంచి దించిన సరుకును ముప్పై రోజులలో స్వదేశీ వినియోగానికి విడిపించుకోకపోయినా, బాండెడ్ గిడ్డంగికి చేర్చకపోయినా, మరొక రేవుకు తరలించకపోయినా, లేక ఆ సరుకు నాది కాదని దిగుమతిదారు హక్కు వదులుకున్నా, దిగుమతిదారుకు నోటీసు ఇచ్చి, కస్టమ్స్ అధికారి అనుమతితో, దానిని తన ఆధీనంలో ఉంచుకున్న సంస్థ అమ్మవచ్చును. పశువులను, చెడిపోయే పదార్థాలను, ప్రమాదకర పదార్థాలను ముప్పై రోజులు ఆగకుండా అనుమతితో ఎప్పుడైనా అమ్మవచ్చును. ఆయుధాలు, మందుగుండు మాత్రం కేంద్ర ప్రభుత్వం చెప్పిన చోట, చెప్పిన తీరున.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదివి ఈ వృత్తిలోకి వచ్చినవాణ్ణి. కవిత్వంలో ఒక మాట అటూ ఇటూ అయితే విమర్శకులు వ్యాసాలు రాస్తారు. చట్టంలో ఒక మాట అటూ ఇటూ అయితే ఏమవుతుందో ఢిల్లీ వచ్చాకనే తెలుసుకున్నాను. ఆ సెక్షన్‌లోని ఇంగ్లీషు క్రియ 'మే', 'షల్' కాదు. తెనుగులో అమ్మవచ్చును, అమ్మవలెను కాదు. ముప్పై రోజులన్న గడువు దిగుమతిదారు మెడపై కత్తివలె కనిపిస్తుంది కాని నిజానికి అది అమ్మే హక్కు పుట్టే రోజు మాత్రమే. ఆ హక్కును ఎప్పటిలోగా వినియోగించాలో సెక్షన్ చెప్పదు. ముప్పై ఒకటవ రోజున అమ్మినా చట్టమే, మూడవ సంవత్సరాన అమ్మినా చట్టమే.

ఈ వెలితిని నిబంధనలతో పూడ్చే ప్రయత్నం జరగలేదనలేము. యజమాని దాఖలు చేయవలసిన బిల్ ఆఫ్ ఎంట్రీని అతని బదులు గిడ్డంగిదారే దాఖలు చేసే వీలును 1972 నిబంధనలు కల్పించాయి. 2009 నిబంధనలు, విడిపించుకోని, వదిలివేసిన సరుకును తొంభై రోజులలో వదిలించుకోవాలని రేవు, డిపో నిర్వాహకులపై బాధ్యత మోపాయి. వేలం పద్ధతిని సులభం చేస్తూ 2018 డిసెంబరులో మరొక సర్క్యులర్ వెలువడినది. కాగితం మీద చూస్తే ఏ పెట్టె కూడా మూడు నాలుగు నెలలకు మించి ఉండకూడదు.

అయినా ఉంటున్నాయి. 2018లోనే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లోతట్టు కంటైనర్ డిపోలపై, కంటైనర్ ఫ్రైట్ స్టేషన్లపై ఒక ప్రత్యేక నివేదికను పార్లమెంటుకు సమర్పించారు. విడిపించుకోని సరుకు, అందులో ప్రమాదకర వ్యర్థాలు నిండిన కంటైనర్లు, సంవత్సరాల తరబడి మగ్గుతున్నాయని ఆ నివేదిక ఎత్తిచూపినది. బేరూత్‌కు రెండేళ్ల ముందు మాట ఇది.

ఎందుకు మగ్గుతున్నాయి? అధికారుల అలసత్వం అనేయడం తేలిక. 150వ సెక్షన్ చదివితే మరొక కారణం దొరుకుతుంది. వేలంలో వచ్చిన డబ్బును ఎవరెవరికి ఏ వరుసలో పంచాలో ఆ సెక్షన్ నిర్ణయించినది. మొదట అమ్మకపు ఖర్చులు. తరువాత, నోటీసు ఇచ్చి ఉంటే, ఓడ కిరాయి తదితరాలు. తరువాత ప్రభుత్వ సుంకం. ఆ తరువాతనే గిడ్డంగి అద్దె. అటుపిమ్మట ప్రభుత్వానికి ఇతర బకాయిలు. ఏమన్నా మిగిలితే యజమానికి. అంటే సరుకును కాపలా కాసి, వేలం వేసే సంస్థ పంక్తిలో నాలుగవ విస్తరి ముందు కూర్చున్నది. మంచి సరుకైతే నాలుగవ విస్తరికీ వడ్డన అందుతుంది. కాని మంచి సరుకును ఎవరు వదిలేస్తారు? వదిలేసినది చాలావరకు ధర పడిపోయినది, నాణ్యత లేనిది, పత్రాలలో ఒకటి, పెట్టెలో మరొకటి ఉన్నది. పాత టైర్లకు, వాడిన నూనెకు, గడువు తీరిన రసాయనానికి వేలంలో పాడేవారు రారు. వచ్చినా సుంకానికే చాలదు. దానిని ధ్వంసం చేయాలంటే ఎదురు ఖర్చు. అటువంటి పెట్టెకు తాళం తీయడం కంటె తీయకపోవడమే గిడ్డంగిదారుకు లాభసాటి. అద్దె లెక్క పుస్తకంలో పెరుగుతూ ఉంటుంది, వసూలు కాదని తెలిసినా సరే.

అసలు కంటె వడ్డీ ముద్దన్నారు. ఇక్కడ అసలు కంటె అద్దె పెద్దది.

సరుకును వదిలేసేవారంతా మోసగాళ్లు అనుకోవడమూ పొరపాటే. ఆర్డరు పెట్టిన నాటి ధర ఓడ దిగేనాటికి ఉండదు. ఈ సత్యం ప్రభుత్వానికి కూడా 2020 జనవరిలో అనుభవంలోకి వచ్చింది. ఉల్లి ధర మండిపోతున్నదని రాష్ట్రాలు అడగగా కేంద్రం విదేశీ ఉల్లిని తెప్పించినది. సరుకు దిగేసరికి ధర తగ్గింది, రాష్ట్రాలు మాకు వద్దన్నాయి. 18,000 టన్నులు దిగుమతి అయితే ఎంత ప్రయత్నించినా 2,000 టన్నులే అమ్ముడయిందని ఆనాటి ఆహారమంత్రి రాంవిలాస్ పాశ్వాన్ చెప్పుకున్నారు. ఢిల్లీ సర్కారుకే ఈ గతి పడితే చిన్న వర్తకుని మాట చెప్పనేల!

వర్తకుడే కాని మనిషి సంగతి ఒకటి నాకు తెలుసు. పదిహేనేళ్ల క్రితం ఒక ఎం.పి. గారి నివాసపు వరండాలో నిజామాబాదు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒకాయన పరిచయమయ్యాడు. గల్ఫ్‌లో అతను పనిచేసిన కంపెనీ మూతపడినది. తాను ముందుగా విమానంలో వచ్చి, సామాను ఓడలో పంపించాడు. కుట్టుమిషను, రెండు రగ్గులు, మిక్సీ, కొడుకుకు సైకిలు, ఇంకా ఏవో వంటపాత్రలు. ఒక పత్రంలో అతని ఇంటిపేరు ఒక విధంగా, పాస్‌పోర్టులో మరొక విధంగా పడినది. దానిని సరిదిద్దించుకోవడానికి నెలలు పట్టాయి. ఈలోగా అద్దె సామాను విలువను దాటింది. సిఫారసు ఉత్తరం కోసం ఢిల్లీ దాకా వచ్చాడు.

"సారూ, నా సామాన్లకు నేనే కిరాయి కట్టాల్నా?" అని అతను నన్ను అడిగిన ప్రశ్నకు చట్టంలో సమాధానం ఉన్నది. అతనికి చెప్పడానికి నాకే నోరు రాలేదు. కస్టమ్స్ వారు అన్యాయంగా నిలిపివేసిన సరుకుకు సైతం గిడ్డంగి సంస్థ డెమరేజి కోరవచ్చునని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పి ఉన్నది. చివరకు అతను ఆశ వదులుకున్నాడు. వేలం నోటీసు ఇంగ్లీషులో వచ్చిందని, అదీ తాను ఖాళీ చేసి వచ్చిన గల్ఫ్ లేబర్ క్యాంపు చిరునామాకు వెళ్లిందని తరువాత ఫోనులో చెప్పాడు. దిగుమతిదారుకు నోటీసు ఇవ్వవలెను అన్న చట్టపు ముక్కకు అక్షరాలా పాటింపు జరిగినట్టే!

అటువంటివారి సామాను త్వరగా అమ్ముడుపోతుంది. కుట్టుమిషనుకు, సైకిలుకు వేలంలో గిరాకీ ఉన్నది. మిగిలిపోయేది ఎవరికీ అక్కరలేని రసాయనం. పేదవాని పట్ల చురుకుగా, విషం పట్ల మందకొడిగా నడిచే ఈ యంత్రాంగాన్ని ఎవరూ కావాలని నిర్మించలేదు. ధర ఉన్నదాన్ని ముందు అమ్ము అన్న గిడ్డంగి లెక్క దానంతట అదే ఇక్కడికి చేర్చినది.

రేవులంటే సముద్రపు ఒడ్డునే ఉంటాయని, ఢిల్లీవాసులకు వాటితో నిమిత్తం లేదని అనుకునే రోజులు పోయాయి. రాజధానికి దక్షిణాన తుగ్లకాబాదులో 1993 నుంచి పెద్ద కంటైనర్ డిపో ఉన్నది. తుగ్లక్ కోట శిథిలాలు చూడబోయిన యాత్రికులు ఆ వైపు తలతిప్పితే రంగురంగుల పెట్టెల గోడ కనిపిస్తుంది. 2017 మే 6 ఉదయం అక్కడ ఒక కంటైనర్ నుంచి రసాయనం కారినది. చైనా నుంచి హర్యానాలోని సోనేపట్‌కు పోతున్న సరుకు అది. పక్కనే ఉన్న బాలికల పాఠశాలల నుంచి మూడు వందల మందికి పైగా విద్యార్థినులు కళ్లు మండి, ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. అది దిక్కులేని సరుకు కాదు, యజమాని ఉన్నది, కొత్తగా వచ్చినది. కొత్త పీపాయే అట్లా కారితే, ఐదేళ్లుగా తుప్పు పడుతున్న పీపాయి సంగతి ఊహించడానికి రసాయనశాస్త్రం చదవనక్కరలేదు.

బేరూత్ కథలో మనం గమనించవలసినది పేలుడు కాదు, ఉత్తరాలు. రోసుస్ అనే ఓడ జార్జియాలోని బటూమి నుంచి మొజాంబిక్‌కు పోతూ 2013లో బేరూత్ రేవుకు వచ్చి చిక్కుబడినది. యజమాని ఓడను, నావికులను వదిలేశాడు. సరుకును 2014లో 12వ నంబరు గిడ్డంగికి దించారు. దానిని తిరిగి ఎగుమతి చేయనివ్వండి, లేదా సైన్యానికి ఇవ్వండి, లేదా స్థానిక పేలుడు పదార్థాల సంస్థకు అమ్మనివ్వండి అని లెబనాన్ కస్టమ్స్ అధికారులు 2014-17 మధ్య న్యాయాధికారులకు పదే పదే రాశారు. ఉత్తరాలు రాసినవారు తమ పని అయిందనుకున్నారు, అందుకున్నవారు తమ పని కాదనుకున్నారు. పదిమంది చేరిన చోట పాము చావదన్న సామెత అరబ్బీలో ఉన్నదో లేదో నేనెరుగను.

మన దగ్గరా ఆ పదిమంది ఉన్నారు. దిగుమతిదారు, అతని ఏజెంటు, పెట్టె యజమాని అయిన ఓడ కంపెనీ, గిడ్డంగిదారు, కస్టమ్స్ శాఖ, పేలుడు పదార్థాలైతే నాగపూరు నుంచి వచ్చే భద్రతా సంస్థ, వ్యర్థాలైతే కాలుష్య నియంత్రణ మండలి, కేసు ఉంటే న్యాయస్థానం. ఒకరి అభ్యంతరం లేదన్న పత్రం మరొకరి పత్రం కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

పొరుగున శ్రీలంక అనుభవం మరొక తీరుది. 2017-19 మధ్య బ్రిటన్ నుంచి వాడిన పరుపుల పేరిట 263 కంటైనర్లు కొలంబోకు చేరాయి. విప్పి చూస్తే చెత్త. అందులో ఆసుపత్రుల వ్యర్థాలు కూడా ఉన్నాయని అక్కడి అధికారులు చెప్పారు. వేలం వేయడానికి అది సరుకు కాదు, పూడ్చడానికి తమ నేల కాదు. న్యాయస్థానానికి వెళ్లి, పట్టు వదలక, 2022 ఫిబ్రవరి నాటికి చివరి పెట్టె కూడా తిరుగు ఓడ ఎక్కేవరకు వారు ఊరుకోలేదు. ఆర్థికంగా ఆ దేశం కుప్పకూలుతున్న నెలలవి.

నేపాల్‌ది ఇంకొక విషాదం. సముద్రం లేని దేశానికి కలకత్తానే రేవు. 2015 సెప్టెంబరు నుంచి నెలల తరబడి సరిహద్దు దిగ్బంధమైనప్పుడు కాఠ్మాండూ వర్తకుల పెట్టెలు కలకత్తాలో పేరుకుపోయి, డెమరేజి తలకు మించిన భారమైనది. యజమాని ఉన్నాడు, డబ్బు ఉన్నది, దారి లేదు. ఆ పిమ్మట నేపాల్‌కు విశాఖ రేవు నుంచి కూడా మార్గం తెరిచారు.

విశాఖ మాట వచ్చింది కనుక. అమ్మోనియం నైట్రేట్ దేశంలోకి దిగే ముఖ్య ద్వారాలలో అది ఒకటి. ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ వాయువు పన్నెండు మందిని బలిగొన్న గాయం మానకముందే బేరూత్ చిత్రాలు చూసిన విశాఖ పౌరులు మన రేవు దగ్గర ఎంత ఉన్నదని ప్రశ్నించారు. ఆ ప్రశ్నలు వృథా పోలేదు. 2012 నాటి అమ్మోనియం నైట్రేట్ నిబంధనలను కేంద్రం 2021లో సవరించినది. దిగుమతి సంచులలోనే జరగాలన్నది. నిలువ గిడ్డంగి రేవు ప్రాంతానికి 500 మీటర్ల ఆవల ఉండాలన్నది. స్వాధీనమైన సరుకును వేలం ద్వారా త్వరితంగా వదిలించుకునే ఏర్పాటు చేసినది. మంచిదే. అయితే అవి ఒక్క రసాయనానికి చెందిన నిబంధనలు. మిగిలిన వందలాది ఆమ్లాలకు, నూనెలకు, వ్యర్థాలకు 1962 నాటి క్రియాపదమే గతి.

ఆ క్రియాపదానికి సుప్రీంకోర్టు ఒక అర్థం చెప్పకపోలేదు. బేరూత్ పేలుడు జరిగిన మరునాడే, 2020 ఆగస్టు 5న, కొచ్చిన్ రేవు కేసులో తీర్పు వెలువడినది. రెండింటికీ సంబంధం లేదు, కాకతాళీయం. వదిలేసిన సరుకు అద్దె ఓడ ఏజెంటు కట్టాలా, దిగుమతిదారు కట్టాలా అన్నది అక్కడి తగవు. విచారణలో 1963 నాటి రేవు ట్రస్టుల చట్టంలోని ఇటువంటి 'మే' చర్చకు వచ్చింది. రేవు సంస్థ ప్రభుత్వాంగం కనుక ఆ మాట విచక్షణను ఇచ్చినా, ఇష్టం వచ్చినంత కాలం అద్దె పెంచుకుంటూ కూర్చోవడానికి కాదని, సరుకును సహేతుకమైన వ్యవధిలో అమ్మే ప్రయత్నం చేయవలెనని న్యాయస్థానం భావించినది. ఆ చట్టం స్థానే 2021లో కొత్త రేవుల చట్టం వచ్చింది. ప్రైవేటు డిపోలు, ఫ్రైట్ స్టేషన్లు ఆ పాత చట్టం కిందివి కానే కావు. వాటికి ఉన్నది కస్టమ్స్ చట్టపు 'మే' మాత్రమే.

పార్లమెంటులో ఈ విషయంపై ప్రశ్న వస్తే అది సాధారణంగా వేలాల ద్వారా ఎంత ఆదాయం వచ్చిందన్న రూపంలో వస్తుంది. ఆదాయం అంకె చెప్పడం ప్రభుత్వానికి సులభం. మన తెలుగు సభ్యులైనా, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులున్న తీరం తరఫున, ప్రశ్నను మార్చి వేయవచ్చు. తొంభై రోజులు దాటిన పెట్టెలు ఎన్ని? వాటిలో ఉన్నదేమిటి? ఏ పాఠశాలకు, ఏ పేటకు ఎంత దూరంలో? ఆ జాబితాను నెలనెలా జిల్లా కలెక్టరు బల్ల మీదకు, అగ్నిమాపక కేంద్రానికి పంపించాలని నిర్దేశించడానికి చట్ట సవరణ సైతం అక్కరలేదు. ఒక నోటిఫికేషన్ చాలు, అందులో మాత్రం 'పంపవచ్చును' అని రాయకుండా ఉంటే.